సార్క్ ద్వీపాధీశ్వరి

ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు నడుమనున్న జలసంధిలో నార్మండీ తీరానికి చేరువగా కొన్ని చిన్న దీవులున్నాయి. వాటిని చానల్ ద్వీపాలంటారు. జెర్సీ, గెర్న్సీ, ఆల్డర్నీ, సార్క్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఈ నాలుగింటిలోను మిక్కిలి చిన్నది సార్క్. దాని వైశాల్యం సుమారు 5.5 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన ప్రాంతపు ఒక మోస్తరు గ్రామం పొలిమేరలో ఆ దీవి మొత్తం ఇమిడిపోతుంది. దక్షిణాసియా దేశాల కూటమికి గల సంక్షిప్తనామం తెలుగులో ఇదే విధంగా పలుకుతుంది కాని, ఆ సార్క్‌కు, ఈ సార్క్‌కు ఎట్టి సంబంధమూ లేదు.

సార్క్ సముద్రం నుండి నిట్టనిలువుగా లేచిన కొండ. పైన చదునైన పొలాలు, చుట్టూ భయంకరమైన శిలాతటాలు. దీవి నిజానికి రెండు ముక్కలు. పెద్ద సార్క్‌ను, చిన్న సార్క్‌ను కలుపుతూ సుమారు 80 మీటర్ల ఎత్తున, 3 మీటర్ల వెడల్పు మాత్రమే గల సన్నని దారి ఉంది. దానికి లా కూపే అని పేరు. ఇరుప్రక్కలా అగాధం. పూర్వం గాలివాన రోజుల్లో చిన్న సార్క్ పిల్లలు ఆ దారిపై పాకుతూ బడికి వెళ్ళేవారని చెబుతారు. దీవిలో మోటారు కార్లకు ప్రవేశం లేదు. గుర్రపు బండ్లు, సైకిళ్ళు, పొలం పనుల ట్రాక్టర్లు తప్ప మరొక వాహనం అక్కడి మట్టిదారుల మీద కనిపించదు. ఇంతటి చిన్న నేలను నాలుగు శతాబ్దాలకు పైగా ఒక ప్రభువు ఏలుతూ వచ్చాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ప్రభువుకు అక్కడి ఫ్రెంచి మాటలో సేన్యర్ అని పేరు. స్త్రీ ఆ పదవిలో ఉంటే ఆమెను డేమ్ అంటారు. ఆ పదవిని 47 సంవత్సరాల పాటు నిర్వహించి, చరిత్రలో నిలిచిన స్త్రీ సిబిల్ హాథవే.

ఆమె జీవితం అర్థం కావాలంటే ముందుగా ఆ పదవి పుట్టుక తెలియాలి. 16వ శతాబ్దం నడుమ సార్క్ దాదాపు నిర్జనంగా ఉండేది. ఫ్రెంచివారు కొంతకాలం ఆక్రమించి విడిచిపెట్టారు. సముద్రపు దొంగలకు అది అనువైన స్థావరం. శత్రువు మళ్ళీ దానిని పట్టుకుంటే ఇరుగు పొరుగు దీవులకు ప్రమాదం. అందువల్ల జెర్సీ దీవిలోని సెయింట్ వాన్ ప్రభువు హెలియర్ ది కార్టరెట్ అనే సాహసి అక్కడ జనావాసం ఏర్పాటు చేయడానికి పూనుకున్నాడు. ఎలిజబెత్ మహారాణి 1565లో అతనికి ఆ దీవిని జాగీరుగా ఇచ్చింది. షరతు ఒక్కటే. ఆయుధం పట్టగల 40 మందిని అక్కడ స్థిరనివాసులుగా ఉంచి దీవిని కాపాడాలి. హెలియర్ దీవిని 40 కమతాలుగా విభజించి, కుటుంబానికి ఒకటి చొప్పున ఇచ్చాడు. ప్రతి కమతం వాడు ఒక తుపాకీని, దానిని పట్టే మనిషిని సిద్ధంగా ఉంచాలి. రాణికి సేన్యర్ చెల్లించవలసిన వార్షిక కప్పం నేటి లెక్కలో 2 పౌండ్లకు కూడా చేరదు. ఆ స్వల్ప మొత్తం కేవలం విధేయతకు గుర్తు.

సైన్యపోషణ షరతుపై భూమిని ఇచ్చే పద్ధతి మనకు కొత్తది కాదు. విజయనగర రాజులు అమరనాయకులకు సీమలను ఇచ్చినది ఇటువంటి ఒడంబడిక మీదనే. విచిత్రమేమంటే, రక్కసి తంగడి యుద్ధంలో విజయనగర వైభవం కూలిన 1565వ సంవత్సరంలోనే ఇంత చిన్న దీవిలో ఈ చిన్న ప్రభుత్వం మొలకెత్తింది. అక్కడ మహాసామ్రాజ్యపు నాయంకరాలు కాలగర్భంలో కలిసిపోగా, ఈ 40 కమతాల జాగీరు 21వ శతాబ్దాన్ని కూడా చూసింది.

సేన్యర్‌కు గల హక్కులు వింతగా ఉంటాయి. దీవిలో పావురాలను పెంచే అధికారం అతనికి మాత్రమే ఉండేది. ఆడకుక్కను పెంచే హక్కు కూడా అతనికే ఉండేది. కమతం అమ్మితే ధరలో 13వ వంతు అతనికి చెల్లించవలసి ఉండేది. అతని అనుమతి లేనిదే అమ్మకం చెల్లేది కాదు. కమతాన్ని ముక్కలు చేయరాదు. అది పెద్దకుమారునికే చెందేది, కుమారులు లేనపుడు కుమార్తెకు చెందేది. తీరానికి కొట్టుకు వచ్చిన వస్తువులపై కూడా ప్రభువుకు హక్కు ఉంది. ఈ ఆచారాలు చదివి నేటి విద్యార్థి నవ్వుకోవచ్చు. కాని ప్రతిదానికీ ఒకప్పుడు కారణం ఉంది. కమతం ముక్కలైతే తుపాకీ పట్టే మనిషి ఉండడు. కుక్కలు విపరీతంగా పెరిగితే గొర్రెలకు ముప్పు. పావురాల హక్కుకు మాత్రం ఇటువంటి సమర్థన కనిపించదు. రైతు చల్లిన గింజలను దొర పావురాలు తినిపోతుంటే రైతు చూస్తూ ఊరుకోవలసిందే.

వీటితోపాటు ప్రజకు రక్షణనిచ్చే ఆచారాలూ ఉన్నాయి. తనకు అన్యాయం జరుగుతున్నదని తలచిన వ్యక్తి సాక్షుల ఎదుట మోకరిల్లి, పూర్వపు నార్మండీ ప్రభువు పేరిట ముమ్మారు మొరపెట్టుకుంటే, ఎదుటివాడు ఆ పనిని తక్షణం ఆపివేయాలి. తరువాత న్యాయస్థానం విచారిస్తుంది. కమతాల యజమానులంతా చీఫ్ ప్లీజ్ అనే సభలో కూర్చునేవారు. అదే దీవికి శాసనసభ. 1922లో ప్రజలెన్నుకున్న 12 మంది ప్రతినిధులకు కూడా దానిలో చోటు లభించింది. దీవిలో ఒక చెరసాల ఉంది. 1856లో కట్టిన ఆ భవనంలో ఇద్దరికి మాత్రమే చోటు.

కార్టరెట్ వంశం చేతి నుండి జాగీరు 1720లో జారిపోయింది. 1730లో సుజాన్ లె గ్రో అనే వితంతువు దానిని కొన్నది. ఆమె వారసులైన లె పెలే వంశస్థులు శతాబ్దానికి పైగా ఏలారు. 19వ శతాబ్దంలో చిన్న సార్క్‌లో వెండి గనులు తవ్వించబోయి వారు అప్పుల పాలయ్యారు. గనుల్లోకి సముద్రం నీరు చేరింది. దిగిన ధనమే గాని వచ్చిన వెండి ఏ మూలకూ చాలలేదు. జాగీరును తాకట్టు పెట్టి, విడిపించుకోలేక, 1852లో మేరీ కాలింగ్స్ అనే మరొక వితంతువుకు అమ్మివేశారు. ఈ మేరీ కాలింగ్స్ మన కథానాయికకు ముత్తవ్వ. 1730లోను, 1852లోను జాగీరును కొన్నది స్త్రీలే కావడం గమనింపదగిన విషయం.

సిబిల్ మేరీ కాలింగ్స్ 1884 జనవరి 13న గెర్న్సీలో జన్మించింది. తండ్రి విలియం ఫ్రెడరిక్ కాలింగ్స్ అప్పటికి రెండేళ్ళుగా సార్క్ ప్రభువు. తల్లి సోఫీ కెనడా దేశంలోని మాంట్రియల్ నగరానికి చెందినది. సిబిల్‌కు పుట్టుకతోనే ఒక కాలు మరొకదాని కన్న పొట్టి. కుంటుతూ నడిచేది. తండ్రికి కొడుకులు లేరు. ఉన్నది ఇద్దరు కూతుళ్ళు. పెద్దకూతురిని ఆయన మగపిల్లవాని వలె పెంచాడు. కాలి లోపాన్ని సాకుగా చూపి వెనుకంజ వేయనిచ్చేవాడు కాడు. కొండచరియలు ఎక్కడం, పడవ నడపడం, తుపాకీ కాల్చడం అన్నీ నేర్పాడు. జాలి చూపి ఇంట కూర్చోబెట్టిన పిల్ల అయితే ఆమె చరిత్ర వేరుగా ఉండేది. ఆ కాఠిన్యమే ఆమెకు జీవితాంతం ఊతకర్ర అయింది.

తండ్రి మహా కోపిష్ఠి. కూతురు తండ్రిని మించిన మంకుపట్టు గలది. డడ్లీ బోమాంట్ అనే యువచిత్రకారుని ఆమె ప్రేమించింది. తండ్రి ససేమిరా ఒప్పుకొనలేదు. 1901లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఆమె తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా ఇల్లు విడిచి ఆ చిత్రకారుని వివాహమాడింది. కాలక్రమంలో తండ్రీకూతుళ్ళు రాజీపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తుండగా, 1918 చివరలో, లోకమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారికి డడ్లీ బలియయ్యాడు. అప్పటికి ఆమెకు ఆరుగురు బిడ్డలు. ఏడవ బిడ్డ కడుపులో ఉంది. వయస్సు 34.

వితంతువుగా ఆమె పడిన ఇబ్బందులు తక్కువవి కావు. జాగీర్దారు కూతురన్న పేరే గాని చేతిలో రొక్కం ఉండేది కాదు. యుద్ధానంతరం జర్మనీలోని కొలోన్ నగరంలో బ్రిటిషు సైన్యం విడిది చేసి ఉండగా, ఆమె అక్కడ వై.ఎం.సి.ఏ. సేవాసంస్థలో కొంతకాలం పనిచేసింది. జర్మన్ భాషలో మంచి పరిచయం సంపాదించింది. కడుపు కూటికై నేర్చిన ఆ భాష ఇరవై ఏళ్ళ తరువాత ఒక దీవి మర్యాదను కాపాడుతుందని అప్పుడు ఆమె ఊహించి ఉండదు.

1927లో తండ్రి మరణించాడు. సిబిల్ 21వ పాలకురాలుగా జాగీరు బాధ్యతలను స్వీకరించింది. రెండేళ్ళ తరువాత, 1929లో, అమెరికాలో పుట్టి బ్రిటిషు పౌరసత్వం పొందిన రాబర్ట్ హాథవే అనే వ్యక్తిని పెండ్లాడింది. ఇక్కడ సార్క్ ధర్మశాస్త్రం ఒక చిక్కు తెచ్చింది. వివాహిత స్త్రీ ఆస్తి భర్తకు చెందుతుంది గనుక, పెండ్లి జరిగిన క్షణం నుండి చట్టం దృష్టిలో సేన్యర్ రాబర్టే. వంశహక్కు ఆమెది, పదవి అతనిది. అయినప్పటికీ దీవిలో ఎవరి మాట చెల్లుతున్నదో అందరికీ తెలుసు. రాబర్ట్ సౌమ్యుడు, వివేకి. సభలో తన ఆసనంలో తాను కూర్చుని, ఏలుబడిని భార్యకే విడిచిపెట్టాడు.

ఆమె పాలన తొలి దశాబ్దం ముఖ్యంగా దీవి ఆదాయాన్ని పెంచే ప్రయత్నంలో గడిచింది. వ్యవసాయం, చేపలు, రొయ్య జాతి జీవులు పట్టడం తప్ప అక్కడివారికి వేరే బ్రతుకుతెరువు లేదు. సార్క్ ప్రాచీనతే యాత్రికులను ఆకర్షించగలదని ఆమె గ్రహించింది. కార్లు వద్దనడం, పాత ఆచారాలను పట్టుకొని ఉండటం మూర్ఖత్వం కాదని, అవే దీవికి పెట్టుబడి అని ఆమె ఆలోచన. పెద్ద నావలు అన్ని వేళలా ఆగడానికి అనువుగా లా మాసెలీన్ వద్ద కొత్త రేవు నిర్మాణం 1938లో ఆరంభమయింది. అంతలో యుద్ధం వచ్చిపడింది.

1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. చానల్ ద్వీపాలను కాపాడటం సాధ్యం కాదని బ్రిటన్ తన సైన్యాన్ని ఉపసంహరించుకున్నది. దీవుల ప్రజలు వేల సంఖ్యలో ఇంగ్లండుకు తరలిపోయారు. ఆల్డర్నీ దాదాపు ఖాళీ అయింది. సార్క్‌లోనూ భయం వ్యాపించింది. అప్పుడు డేమ్ ప్రజలను సమావేశపరచి, తాను, తన భర్త దీవిని విడిచి వెళ్ళబోమని చెప్పింది. వెళ్ళదలచిన వారికి అడ్డు చెప్పలేదు. కాని భూమిని విడిచిపెట్టిన వానికి తిరిగి వచ్చేసరికి ఏమి మిగులుతుందో ఆలోచించుకొనమన్నది. ఆ మాట పనిచేసింది. ఇంగ్లండు నుండి వచ్చి స్థిరపడిన వారిలో కొందరు వెళ్ళిపోయారు. స్థానికులు, సుమారు 470 మంది, నిలిచిపోయారు. దీవిని జనావాసంగా ఉంచాలన్నదే 1565 నాటి మూల షరతు. ఆనాడు ఆమె ఆ షరతును పాటించిందని చెప్పవచ్చును. అయితే తన మాట నమ్మి నిలిచిన కుటుంబాలకు ఏమైనా కీడు జరిగితే ఆ భారం తనదేనని కూడా ఆమెకు తెలియకపోదు.

జూన్ 28న గెర్న్సీ రేవుపై జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. రెండు రోజులలో గెర్న్సీ, జూలై మొదటివారంలో సార్క్ జర్మన్ల వశమయ్యాయి. మొదట సార్క్‌కు వచ్చినవారు మేజర్ లాంజ్ అనే అధికారి, అతనికి దుబాసీగా వచ్చిన డాక్టర్ మాస్ అనే వైద్యుడు. వారిని ఎదుర్కొనడానికి డేమ్ రేవుకు పోలేదు. తన నివాసమైన సేన్యరీ భవనంలోనే ఉండి, వారినే తన వద్దకు రప్పించుకున్నది. పెద్ద హాలులో తలుపుకు దూరంగా, ఆ చివరన తమ కుర్చీలు వేయించి దంపతులిద్దరూ కూర్చున్నారు. లోపలికి వచ్చిన అధికారులు హాలు పొడవునా నడిచి ఆమె ఎదుట నిలువవలసి వచ్చింది. ఆమె జర్మన్ భాషలో పలకరించింది. వచ్చినవారు నివ్వెరపోయారు. జయించిన వారు ఆమె ఇంట అతిథులయ్యారు.

ఇది వట్టి నాటకమని కొట్టివేయరాదు. ఆయుధం లేనివానికి మర్యాదే ఆయుధం. జర్మన్ సైనికాధికారులలో ప్రభువంశీయులు కొందరు ఉండేవారు. బిరుదులకు, వంశాలకు వారిచ్చే విలువ ఆమెకు బాగా తెలుసు. అందువల్ల తన పదవికి తగిన లాంఛనాలు ఒక్కటి కూడా తగ్గనీయలేదు. ఏ ఉత్తరువు ఇవ్వాలన్నా అధికారులు ఆమె వద్దకు రావలసిందే. అట్లా వచ్చినపుడు ఆమె దీవివాసుల తరఫున ఏదో ఒక వెసులుబాటు అడిగేది. కొన్ని లభించేవి, కొన్ని లభించేవి కావు. శత్రువుతో ఇంత మర్యాదగా మెలగడం తగునా అన్న విమర్శ చానల్ ద్వీపాల పాలకులందరిపైనా యుద్ధానంతరం వచ్చింది. ఆ విమర్శ పూర్తిగా నిరాధారమైనది కాదు. కాని పారిపోవడానికి చుట్టూ సముద్రం, దాగడానికి అడవి లేని చోట, సాయుధ సైనికుల నడుమ చిక్కిన కొద్దిమంది రైతులకు మరొక మార్గం చూపడం సులభమూ కాదు.

1941 మే నెలలో ఆమెకు అన్నింటికన్న పెద్ద దెబ్బ తగిలింది. లివర్‌పూల్ నగరంపై జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు పెద్దకుమారుడు ఫ్రాన్సిస్ లయొనెల్ బోమాంట్, అతని భార్య, నటి మేరీ లాసన్ మరణించారు. జాగీరుకు వారసుడు అతడే. శత్రువు అధీనంలో ఉన్న దీవి నుండి తల్లి కదలలేదు. కడసారి చూపు లేదు, అంత్యక్రియలు లేవు. ఆ శోకాన్ని దిగమింగుకొని ఆమె, తన కొడుకును చంపిన సైన్యానికి చెందిన అధికారులతోనే రోజూ మాట్లాడవలసి వచ్చింది. పాల గురించి, బంగాళాదుంపల గురించి, చేపల పడవల అనుమతి గురించి వారితో బేరమాడవలసి వచ్చింది. ఆమె జీవితంలో లాంఛనాల కథ కన్న ఈ రోజులే బరువైనవని నా అభిప్రాయం.

1942 అక్టోబరు 3వ తేదీ రాత్రి బ్రిటిషు కమాండోల దళం ఒకటి రహస్యంగా సార్క్ కొండచరియ ఎక్కింది. దీవిలోని ఒక మహిళ వారికి సమాచారమిచ్చింది. ఒక హోటలు ప్రక్కనున్న విడిదిలో నిద్రిస్తున్న జర్మన్ సైనికులను వారు పట్టుకొని చేతులు కట్టారు. దారిలో పెనుగులాట జరిగింది. బందీలలో కొందరు మరణించారు. ఒకరిని కమాండోలు ఇంగ్లండుకు తీసికొనిపోయారు. చేతులు కట్టిన బందీలు మరణించారన్న వార్త హిట్లర్‌కు మహాగ్రహం కలిగించింది. పట్టుబడిన కమాండోలను విచారణ లేకుండా చంపవలసిందిగా అక్టోబరు 18న అతడు ఉత్తరువిచ్చాడు. ఆ దారుణమైన ఆజ్ఞకు దారితీసిన కారణాలలో ఈ చిన్న దీవిలోని ఒక రాత్రి కూడా ఉన్నది.

దాడి ఫలితాన్ని దీవివాసులు అనుభవించారు. తీరమంతటా మందుపాతరలు, ముళ్ళతీగలు వెలిశాయి. 1942 సెప్టెంబరులోనే ఇంగ్లండులో పుట్టినవారిని జర్మనీలోని నిర్బంధ శిబిరాలకు పంపడం మొదలయింది. చానల్ ద్వీపాల నుండి మొత్తం 2,000 మందికి పైగా ఇట్లా తరలించారు. 1943 ఫిబ్రవరిలో సార్క్ నుండి మరికొందరిని తీసుకుపోయారు. వారిలో రాబర్ట్ హాథవే ఒకడు. కమాండోలకు సాయపడిన మహిళ కూడా ఆ నిర్బంధానికి గురైంది. రాబర్ట్‌ను బవేరియాలోని లౌఫెన్ శిబిరంలో ఉంచారు. అటుపై రెండేళ్ళకు పైగా డేమ్ ఒంటరిగా దీవి బరువును మోసింది.

1944 జూన్‌లో మిత్రసైన్యాలు నార్మండీలో దిగాయి. సార్క్ శిఖరం నుండి చూస్తే ఆ తీరం కనుచూపు మేరలోనే ఉంది. అయినా విముక్తి రాలేదు సరికదా, ఫ్రాన్సు నుండి వచ్చే ఆహారం కూడా ఆగిపోయింది. జర్మన్లకూ తిండి లేదు, ప్రజలకూ లేదు. ముళ్ళపొదల ఆకులతో తేనీరు, సింధూర వృక్షపు కాయలు వేయించి కాఫీ కాచుకున్నారు. 1944 డిసెంబరు 27న వేగా అనే రెడ్‌క్రాస్ నౌక ఆహార పొట్లాలతో గెర్న్సీకి చేరకపోతే పరిస్థితి ఊహకందదు.

1945 మే 10న విముక్తి లభించింది. కొద్దిమంది బ్రిటిషు అధికారులు సార్క్‌లో దిగి జర్మన్ల లొంగుబాటును స్వీకరించారు. అయితే దీవిలో కాపలా ఉంచడానికి వారి వద్ద సైనికులు లేరు. లొంగిపోయిన 275 మంది జర్మన్ సైనికులను కొన్నాళ్ళు మీరే చూసుకోగలరా అని అధికారి డేమ్‌ను అడిగాడు. ఆమె వెంటనే ఒప్పుకున్నది. మే 17 వరకు 275 మంది సైనికులు 61 ఏళ్ళ ఆ వనిత ఆజ్ఞకు లోబడి ఉన్నారు. రేవులోని మందుపాతరలను తొలగించమన్నది, తొలగించారు. ప్రజల వద్ద లాక్కున్న రేడియోలను తిరిగి ఇమ్మన్నది, ఇచ్చారు. ఐదేళ్ళ క్రితం ఆమె హాలు చివరన కుర్చీ వేయించుకొని కూర్చున్నపుడు ఎవరూ నమ్మని అధికారం ఈ వారం రోజులూ అక్షరాలా నిజమయింది. అదే సంవత్సరం జర్మన్ ఖైదీల చేతనే, బ్రిటిషు ఇంజనీర్ల పర్యవేక్షణలో, లా కూపే మీది దారిని కాంక్రీటుతో గట్టిపరచారు. రాబర్ట్ శిబిరం నుండి క్షేమంగా తిరిగివచ్చాడు.

యుద్ధానంతర జీవితాన్ని గూర్చి విస్తరించి చెప్పవలసినది అంతగా లేదు. ఆగిపోయిన లా మాసెలీన్ రేవు పూర్తయి, 1949లో యువరాణి ఎలిజబెత్, ఆమె భర్త ఫిలిప్ సార్క్‌కు వచ్చినపుడు ప్రారంభోత్సవం జరుపుకున్నది. 1954లో రాబర్ట్ మరణించాడు. చట్టం భర్తకు ఇచ్చిన పదవి తిరిగి భార్యకే దక్కింది. 1961లో ఆమె తన ఆత్మకథను ప్రచురించింది. 1965లో జాగీరుకు 400 సంవత్సరాలు నిండిన ఉత్సవాలు జరిగాయి. బ్రిటన్ ప్రభుత్వం అదే ఏట ఆమెను డేమ్ కమాండర్ అనే గౌరవ బిరుదుతో సత్కరించింది. దానితో ఆమె రెండు విధాల డేమ్ అయింది.

ఆమె సంస్కర్త కాదు. ఈ మాట దాచవలసిన పని లేదు. పూర్వాచారాలను మార్చడానికి ఆమె ఇష్టపడలేదు. పావురాల హక్కునూ, 13వ వంతు హక్కునూ కూడా గట్టిగానే నిలుపుకున్నది. కమతాల యజమానులు ఎన్నిక లేకుండా సభలో కూర్చుంటుంటే, కమతం లేని వారికి 12 స్థానాలే ఉండటం ఆమెకు అన్యాయంగా తోచలేదు. మన దేశంలో జమీందారీలు, జాగీర్లు 1948, 1949 సంవత్సరాల చట్టాలతో రద్దవుతున్న కాలంలో, సార్క్‌లో అటువంటి ఆలోచనకు చోటే లేదు. ఐతే మన జమీందారులలో పెక్కుమంది పట్టణాల మేడలలో ఉండి శిస్తు వసూలు చేసుకున్నవారు. ఆమె జీవితాంతం తన రైతుల నడుమ, వారు నడిచే మట్టిదారిలోనే నడిచింది. వృద్ధాప్యంలో కాలు మరింత బాధించినపుడు బ్యాటరీతో నడిచే చిన్న బండిపై దీవి అంతా తిరిగేది.

1974 జులై 14న, 90 ఏళ్ళ వయస్సులో, సిబిల్ హాథవే సార్క్‌లో కన్నుమూసింది. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆమె జీవితాన్ని కథావస్తువుగా గ్రహించి విలియం డగ్లస్ హోమ్ రచించిన నాటకం ఆ ఏడాదే రంగస్థలానికి ఎక్కింది. లివర్‌పూల్‌లో మరణించిన కుమారుని బిడ్డ, మనుమడు మైకేల్ బోమాంట్ 22వ సేన్యర్ అయ్యాడు. అతడు విమానాల రంగంలో పనిచేసిన ఇంజనీరు. అతని కాలంలో పాత కట్టుబాట్లు ఒకటొకటిగా సడలాయి. 1999లో ఆస్తి పెద్దకుమారునికే చెందాలన్న నియమం మారి ఆడపిల్లలకు కూడా సమానావకాశం కలిగింది. 2006లో 13వ వంతు హక్కు రద్దయింది. 2008 డిసెంబరులో దీవి చరిత్రలో మొదటిసారిగా సభలోని 28 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. కమతం ఉన్నంత మాత్రాన సభలో చోటు దొరికే రోజులు ముగిశాయి. 2016లో మైకేల్ మరణించగా, ఆయన కుమారుడు క్రిస్టఫర్ 23వ సేన్యర్ అయ్యాడు.